సీసం గీతల కింద దాగిన బొమ్మ: యార్క్ తూర్పు కిటికీ కేస్ స్టడీ

రంగు గాజు ముక్కలను సీసం పట్టీలతో కలిపి కట్టిన చర్చి కిటికీలో, గాజు మీద గీసిన ముఖం ఒకటి అడ్డంగా పగిలిందనుకోండి. రెసిన్, సిలికోన్ జిగుర్లు లేని రోజుల్లో కిటికీ పనివాడికి తెలిసిన మందు ఒక్కటే. పగులు వెంబడి సన్నటి సీసం పట్టీ దూర్చి, రెండు కొసల్లోనూ టంకం పెట్టేవాడు. ముక్క ఊడి పడదు, వాన లోపలికి రాదు. కానీ ఆ ముఖం మీద ఒక నల్ల గీత స్థిరపడిపోతుంది. కొన్నేళ్లకు ఇంకో పగులు, ఇంకో గీత. నాలుగైదు వందల ఏళ్లు గడిచేసరికి కన్నెక్కడో ముక్కెక్కడో తెలియదు. కిటికీ నిలబడే ఉంటుంది, బొమ్మ మాత్రం కనిపించదు.

ఇంగ్లండ్‌లోని యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి తూర్పు గోడలో ఉన్న పెద్ద కిటికీకి సరిగ్గా ఇదే జరిగింది. 2008లో దాన్ని పూర్తిగా దించారు. చివరి పలక, అంటే సీసంతో కలిపి కట్టిన గాజు ముక్కల చట్రం, మళ్లీ పైకెక్కింది 2018లో. ఆ పనిలో నా చేయి లేదు. నేను మన వైపు పాత చర్చిల్లో, బంగళాల్లో సీసం కిటికీలు విప్పి బాగుచేస్తాను. అయితే నా బల్ల మీదికొచ్చే ప్రతి పలక దగ్గరా నన్ను నిలదీసే ప్రశ్న ఒకటుంది: పాతవాళ్లు చేసిన మరమ్మతును ఉంచాలా, తీసేయాలా? యార్క్‌లో 311 పలకల మీద ఈ ప్రశ్నను ఒక్కొక్క ముక్క దగ్గరా ఆగి, ఆధారాలు రాసిపెట్టుకుంటూ తేల్చారు. మా పనిలో ఇంతకంటే మంచి పాఠం నాకు ఎక్కడా దొరకలేదు.

కిటికీ, దాన్ని చేసిన మనిషి

ఎత్తు 23 మీటర్లకు పైన, వెడల్పు 9 మీటర్లకు పైన. 1405 డిసెంబరులో కవెంట్రీకి చెందిన గాజు చిత్రకారుడు జాన్ థార్న్‌టన్‌తో మిన్‌స్టర్ పెద్దలు ఒప్పందం రాసుకున్నారు. వారానికి 4 షిల్లింగులు (20 షిల్లింగులు ఒక పౌండు), ప్రతి ఏడాది చివర 5 పౌండ్లు, మూడేళ్లలో పని ముగిస్తే ఇంకో 10 పౌండ్లు. లెక్క కడితే మొత్తం 56 పౌండ్ల చిల్లర. ఖర్చు భరించినవాడు డరమ్ బిషప్ వాల్టర్ స్కర్లా. థార్న్‌టన్ మాట నిలబెట్టుకున్నాడు. కిటికీ పైకొసన 1408 అనే సంవత్సరం ఉంది.

కిటికీని నిలువునా తొమ్మిది భాగాలు చేశారు. పై మూడు వరుసల్లో, 27 పలకల్లో, సృష్టితో మొదలయ్యే పాత నిబంధన కథలు. వాటి కింద 81 పలకల్లో లోకాంతాన్ని చెప్పే బైబిల్ చివరి పుస్తకం, ప్రకటన గ్రంథం. అన్నిటికంటే కింద తొమ్మిది పలకల్లో రాజులు, బిషప్పులు, పునీతులు. పైన శిఖరంలో తండ్రి దేవుడు తెరిచిన పుస్తకంతో కూర్చుని ఉంటాడు. ఆ పుస్తకంలో లాటిన్‌లో ఉన్న మాట మన బైబిల్ చదివేవాళ్లందరికీ కంఠతా వచ్చినదే: అల్ఫాయు ఓమెగయు నేనే. లోకం మొదలైంది ఎక్కడో, ముగిసేది ఎక్కడో ఒకే గోడ మీద చూపించారన్నమాట.

ఒప్పందంలో నన్ను ఆపే షరతు ఒకటుంది. కిటికీ మొత్తానికీ బొమ్మల నమూనా థార్న్‌టన్ తన చేత్తోనే గీయాలి. మూడేళ్లలో ఇంత పని ఒక్కడి వల్ల అయ్యేది కాదు. కోసేవాళ్లు, రంగు వేసేవాళ్లు, సీసం పోసేవాళ్లు ఎందరో ఉండి ఉండాలి. అయినా గీత ఒకడిది కావాలని పట్టుబట్టారు. ఆరువందల ఏళ్ల తర్వాత పగిలిన ముక్కలు కలిపేవాళ్లకు ఇది ఎంత మేలు చేసిందో పలకలు చూస్తే తెలుస్తుంది. దుస్తుల మడతకో, జుట్టు ఉంగరానికో ఒక పద్ధతి ఉన్నప్పుడు పక్క పలక చూసి ఈ పలకను చదవొచ్చు.

పని తీరు గురించి కొంత చెప్పాలి, లేకపోతే తర్వాత వచ్చే నిర్ణయాలు అర్థం కావు. గాజులో రంగు గాజు కాచేటప్పుడే కలుస్తుంది. కోబాల్ట్‌తో నీలం వస్తుంది. రాగితో ఎరుపు వస్తుంది గానీ ఆ ఎరుపు మందంగా ఉంటే వెలుతురే దూరదు, అందుకని తెల్ల గాజు మీద పల్చటి ఎర్ర పొర ఎక్కిస్తారు. కుంచెతో వేసేది దాదాపు ఒక్కటే రంగు: ఇనుము లేదా రాగి ఆక్సైడ్‌నూ, మెత్తగా నూరిన గాజు పొడినీ కలిపిన నలుపు గోధుమ. దాన్ని బట్టీలో సుమారు 650 డిగ్రీల దగ్గర కాలిస్తే గాజుకు అతుక్కుపోతుంది. ఇవి కాక, వెండి లవణం పూసి కాలిస్తే తెల్ల గాజు పసుపెక్కుతుంది. 14వ శతాబ్దం మొదట్లో వచ్చిన ఈ పసుపు వల్లే ఒకే ముక్క మీద తెల్లటి ముఖం, బంగారు జుట్టు చూపించడం కుదిరింది. థార్న్‌టన్ పలకల్లో ఇది ఎక్కడ చూసినా కనిపిస్తుంది.

కాబట్టి మనిషి ముఖం అంటే తెల్ల గాజు మీద నిలిచిన నల్లటి పొడి పొర. అది రాలిపోతే ముఖమే ఉండదు. శుభ్రం చేసేవాడి చేతిలో గుడ్డ వణకాల్సింది అందుకే.

ముక్కలు కోయడానికి అప్పట్లో వజ్రం లేదు. కాల్చిన ఇనుముతో గాజును పగలగొట్టి, అంచును గాడి ఉన్న ఇనుముతో కొద్దికొద్దిగా కొరికి ఆకారం తెచ్చేవారు. ఆ కొరికిన అంచు ఎలకలు కొట్టినట్టు గరుగ్గా ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కేసంతా దీని మీదే తిరుగుతుంది.

ఆరువందల ఏళ్లలో ఏమైంది

మధ్యయుగపు ఇంగ్లండ్ గాజును చెట్ల బూడిదతో కాచేవారు. అందులో పొటాషియం ఎక్కువ. తేమ తగిలితే నీరు ఆ పొటాషియాన్ని, సున్నాన్ని నెమ్మదిగా లాగేస్తుంది. గాజు మీద సూది మొనంత గుంటలు పడి, అవి కలిసిపోయి, తెల్లటి పొక్కు కడుతుంది. వెలుతురు తగ్గుతుంది. లోపలి వైపు చలికాలపు చెమ్మ రంగు పొరను వదులు చేస్తుంది. వాన బయట నుంచి, చెమ్మ లోపల నుంచి. రెండు వైపులా ఒకేసారి.

సీసం మెత్తని లోహం. ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, గాలికి ఊగుతుంది. వందా నూటయాభై ఏళ్లకు టంకం అతుకుల పక్కన చీలికలు వస్తాయి. అప్పుడు పలకను విప్పి కొత్త సీసం పోయాలి. విప్పిన ప్రతిసారీ కొన్ని ముక్కలు పగులుతాయి, కొన్ని పోతాయి. పోయినచోట వేరే కిటికీ నుంచి మిగిలిన పాత గాజు ముక్క కోసి పెడతారు. ఒక దేవదూత రెక్కలో ఇంకెవరి అంగీయో, ఒక రాజు మోకాలి దగ్గర ఎక్కడి నుంచో వచ్చిన రాత ముక్కో ఉంటుంది. పలక అతుకుల బొంత అవుతుంది.

ఈ కిటికీ చాలా చూసింది. 1829లో జోనథన్ మార్టిన్ అనే మనిషి మిన్‌స్టర్ లోపల నిప్పుపెట్టాడు. పాటబృందం కూర్చునే భాగం (క్వాయర్) కాలిపోయింది, పక్కనే ఉన్న తూర్పు కిటికీ బతికింది. 1860ల మొదట్లో బయట అదనంగా ఒక వరస గాజు బిగించారు. రక్షణ గాజు అనే ఆలోచనకు ఇది చాలా పాత ఉదాహరణ. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు భయపడి గాజునంతా దించి దాచారు. యుద్ధం తర్వాత తిరిగి పెట్టే పనిని మిన్‌స్టర్ పెద్ద, డీన్ ఎరిక్ మిల్నర్‌వైట్ నడిపారు. ఆయన కొత్త సీసం వేయించి, పలకలు వెతికి వెతికి జరిపి, అర్థంకాని ముక్కలను అర్థమయ్యేలా చేయాలని కష్టపడ్డారు. ఆయన నిర్ణయాలు కొన్ని తర్వాత మార్చాల్సి వచ్చింది. అందుకని ఆయన్ను తప్పుపట్టేవాళ్లతో నేను ఏకీభవించను. చేతిలో ఉన్న సామగ్రి, తెలిసిన చరిత్ర అంతే. ఆ గాజు ఊడిపోకుండా ఈ శతాబ్దం దాకా వచ్చిందంటే ఆ సీసం పుణ్యమే.

ఆ మాటకు సాక్ష్యం అదే మిన్‌స్టర్‌లో ఇంకో చోట ఉంది. 1984 జూలైలో దక్షిణ భాగపు పైకప్పు తగలబడినప్పుడు అక్కడి గుండ్రటి రోజ్ కిటికీ గాజు వేడికి దాదాపు 40,000 చోట్ల బీటలు వేసింది. కానీ రాలలేదు. అంతకు కొన్నేళ్ల ముందే దానికి కొత్త సీసం వేసి ఉన్నారు. బీటలు వేసిన గాజును రెండు పలుచటి తేట గాజు పొరల మధ్య పెట్టి నిలిపారు.

తూర్పు కిటికీని దించడానికి అసలు కారణం గాజు కూడా కాదు, రాయి. ఈ శతాబ్దం మొదట్లో చేసిన పరీక్షల్లో తూర్పు గోడ రాళ్లు బాగా చెడిపోయాయని తేలింది. గోడ బాగు చేయాలంటే కిటికీ దిగాలి. దిగిన గాజు యార్క్ గ్లేజియర్స్ ట్రస్ట్ బల్లల మీదికి వచ్చింది. 1967లో పెట్టిన ఈ సంస్థ మిన్‌స్టర్ గాజును చూసుకుంటుంది. ఈ పనికి నాయకత్వం వహించింది సారా బ్రౌన్.

తీయాలా, ఉంచాలా

ఇప్పుడు అసలు సంగతి. పలకలో వంద సీసం గీతలుంటే అందులో థార్న్‌టన్ కోరి వేసినవి ఏవి, తర్వాతి వాళ్లు గత్యంతరం లేక వేసినవి ఏవి?

సీసం లోపల ఉన్నంతసేపూ చెప్పలేం. సీసం పట్టీని నరికి చూస్తే హెచ్ అక్షరంలా ఉంటుంది, గాజు అంచు దాని రెండు పెదవుల మధ్య దాగి ఉంటుంది. విప్పితే అంచు బయటపడుతుంది. అది ఎలకలు కొట్టినట్టు గరుగ్గా ఉంటే అక్కడ పాత పనివాడు కావాలనే ముక్క తెగ్గొట్టాడు. సూటిగా, పదునుగా, మెరుస్తూ ఉంటే అది పగులు. పగులుకు రెండు వైపులా గాజు రంగు, లోపలి బుడగల వరస, గీసిన గీత కలుస్తున్నాయో లేదో చూస్తే ఇంక అనుమానం ఉండదు. మా చేతిపనిలో ఇంత నిక్కచ్చి సాక్ష్యం ఇంకోటి లేదు. పుస్తకాలు, పాత వర్ణనలు దీనికి తోడు. 17వ శతాబ్దం చివర్లో జేమ్స్ టోర్ అనే పండితుడు మిన్‌స్టర్ కిటికీల్లో ఏ పలకలో ఏముందో రాసిపెట్టాడు. పలకల వరస తేల్చేటప్పుడు అలాంటి రాతలు బంగారం.

కానీ మరమ్మతు సీసం తీసేస్తే రెండు చిక్కులు.

మొదటిది ఖాళీ. పగులులో సీసం దూర్చేటప్పుడు దాని నడుము మందం పట్టడానికి ఆ కాలపు పనివాడు పగిలిన అంచును కొద్దిగా కొరికి ఉంటాడు. ఇప్పుడు సీసం తీసి ముక్కలు దగ్గరకు చేరిస్తే ఒక మిల్లీమీటరో, ఇంకాస్తో తేడా మిగులుతుంది. గీసిన కంటిరెప్ప ఒక వెంట్రుక వాసి పక్కకు జరుగుతుంది. ఆ సందును రంగు కలిపిన రెసిన్‌తో నింపాలి. నా అనుభవంలో ఎక్కువ సమయం మింగేది ఇదే. ముక్కలు అతికించడం పెద్ద కష్టం కాదు. ఆ సన్నటి చీలిక వెలుతురులో మెరవకుండా చేయడమే కష్టం.

రెండోది బలం. సీసంలో పట్టిన పగులు గాలికి కదులుతుంది, తట్టుకుంటుంది. ఎపాక్సీ అనే రెసిన్ జిగురుతో అంచుకు అంచు అతికిన ముక్కకు ఆ కదలిక లేదు. పైగా ఎపాక్సీకి అతినీలలోహిత కిరణాలు పడవు, పసుపుపచ్చగా మారి కొన్నేళ్లకు పట్టు వదులుతుంది. వాన కొట్టే గోడ మీద, ఎండకు ఎదురుగా ఉన్న కిటికీలో మరమ్మతు సీసం తీసేసి ఎపాక్సీ వేయడమంటే ముందు తరాల పనిని పాడుచేయడమే.

అందుకే యార్క్‌లో సీసం తీయాలన్న నిర్ణయం ఒంటరిగా రాలేదు. బయట కొత్త రక్షణ గాజు వస్తుందన్న నిర్ణయం మీదే అది ఆధారపడింది. పాత గాజు ఉన్న రాతి గాడిలో కొత్త తేట గాజు బిగించారు. థార్న్‌టన్ పలకలను లోహపు చట్రాల్లో పెట్టి కాస్త లోపలికి జరిపారు. రెండింటి మధ్యా చర్చి లోపలి గాలి కింద నుంచి దూరి పై నుంచి బయటకొస్తుంది. దాంతో పాత గాజుకు రెండు వైపులా ఒకే గాలి, ఒకే వేడి. వాన తగలదు. చెమ్మ పడితే కొత్త గాజు లోపలి ముఖం మీదే పడుతుంది. బయటి గాజు బవేరియాలోని వాల్డ్‌సాసెన్‌లో ఉన్న లాంబర్ట్స్ బట్టీలో నోటితో ఊది చేసినది, అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రకం. బ్రిటన్‌లో ఈ గాజు వాడిన మొదటి భవనం ఇదే. నోటితో ఊదిన గాజు కావడంతో, బయట నుంచి చూస్తే షాపు అద్దంలా చదునుగా మెరవదు.

ఈ వరస నాకు చాలా ముఖ్యం. ముందు బయటి గాజు, దాని వల్ల రెసిన్‌కు భద్రత, దాని వల్ల సీసం తీసే స్వేచ్ఛ, దాని వల్ల బొమ్మ. ఈ కేసు గురించి రాసేవాళ్లు ముందూ తర్వాతా ఫొటోలు పక్కపక్కన పెట్టి ముఖం ఎంత అందంగా బయటపడిందో చూపిస్తారు. అది చూసి ఉత్సాహపడి, బయటి గాజుకు డబ్బు లేని చోట సీసం మాత్రం తీసేస్తే పదేళ్లలో ముఖం నేల మీద ఉంటుంది.

శుభ్రం చేయడం గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అక్కడ వాళ్లు చేసింది తక్కువే, చేయాల్సిందీ తక్కువే. ఈ రంగంలో నడిచే నియమాలు కార్పస్ విట్రియారం అనే అంతర్జాతీయ బృందం 2004లో న్యూరెంబర్గ్‌లో ఖరారు చేసినవి. గాజు మీద చేయి ఎంత తక్కువ పడితే అంత మంచిది, చేసింది వెనక్కి తీయగలగాలి, అంతా రాసిపెట్టాలి అని వాటి సారం. దూది, శుద్ధి చేసిన నీరు, ఆల్కహాల్, భూతద్దం, చాలా ఓపిక. పొక్కంతా గీకేసి తళతళలాడించాలనుకోవడం ఈ పనిలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం.

కొత్తగా చిత్రించిన ముక్కల దగ్గర మాత్రం నాకు కొంత భిన్నాభిప్రాయం ఉంది. బొమ్మను చెడగొట్టే పరాయి ముక్కలు తీసేసి, ఆధారం ఉన్నచోట థార్న్‌టన్ తీరులో కొత్త ముక్కలు గీసి పెట్టారు. అంగీ మడత, నేల పలకలు, ఆకాశం తునక అయితే నాకు అభ్యంతరం లేదు. పక్క ముక్కే సాక్ష్యం చెబుతుంది. ముఖం దగ్గరికొస్తే నేను ఆగుతాను. ఎంత చేయి తిరిగినవాడు గీసినా ఆ చూపు ఈ కాలపు మనిషిది. నన్నడిగితే ముఖం పూర్తిగా పోయిన చోట పల్చటి నీడ వేసి వదిలేస్తాను. అయితే కింద నిలబడి తల ఎత్తి చూసే భక్తుడికి కథ చదవగలగాలి, ఇది మ్యూజియం కాదు, ఆరాధన జరిగే గుడి, అనే వాళ్ల వాదనలో బలముందని ఒప్పుకుంటాను. ఎక్కడ ఏది కొత్తదో రికార్డులో ఉంది కాబట్టి, రేపు ఎవరైనా నాలాగే అనుకుంటే మార్చుకోవచ్చు.

మొత్తం ప్రాజెక్టుకు సుమారు 1.15 కోట్ల పౌండ్లు ఖర్చయింది. అందులో కొంత హెరిటేజ్ లాటరీ నిధి నుంచి వచ్చింది.

మన గోడల మీద

మనకూ ఈ కళతో నిజమైన సంబంధం ఉంది. మెదక్ కేథడ్రల్‌లో లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసిన మూడు కిటికీలున్నాయి. బలిపీఠం వెనక క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో పెట్టారు. పగలు మాత్రమే చూడగల బొమ్మలవి. బయట ఎండ ఉంటేనే లోపల కథ. ఇంకా చిన్న చిన్న సీసం కిటికీలు కోస్తాలోనూ, సికింద్రాబాద్‌లోనూ పాత చర్చిల్లో చాలా ఉన్నాయి.

యార్క్ పద్ధతిని ఇక్కడికి ఉన్నదున్నట్టు తేలేం. మన కిటికీల గాజు ఎక్కువగా గత నూట యాభై ఏళ్లలోది. దాంట్లో బూడిద పొటాషియం బెడద లేదు, గుంటలు పడవు. ఇక్కడి జబ్బులు వేరు. పలకలను పట్టి ఉంచే ఇనుప అడ్డకడ్డీలు సముద్రపు గాలికి తుప్పుపట్టి ఉబ్బుతాయి, ఉబ్బి రాతినీ గాజునూ చీలుస్తాయి. సీసం ఎండకు సాగి పలక బొర్రలా ముందుకొస్తుంది. వాన కారుతోందని ఎవరో మంచి మనసుతో సిమెంటు మెత్తుతారు. ఆ సిమెంటు గాజును వదలదు. విక్టోరియా రాణి కాలపు కొన్ని వర్క్‌షాపులు రంగులో బోరాక్స్ (వెలిగారం) కలిపేవి. త్వరగా కరిగి కాలుతుందని కలిపిన ఆ బోరాక్స్ వల్లే ఆ రంగు తేమకు నిలవదు. అందుకే ఏ పలకైనా సరే, మూలన ఒక చిన్న చోట తడి దూదితో పరీక్షించకుండా నేను నీళ్లు తగలనివ్వను.

రక్షణ గాజు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బంతి దెబ్బలకో, కోతులకో భయపడి చాలాచోట్ల బయట ప్లాస్టిక్ షీటు బిగించి నాలుగు వైపులా సీలు చేస్తారు. మే నెల ఎండకు ఆ మధ్యలో చిక్కిన గాలి కొలిమిలా కాగుతుంది, సీసం మరింత సాగుతుంది, వానాకాలం చెమ్మ బయటికి పోయే దారి ఉండదు. షీటు ఏమీ లేకపోవడమే దానికంటే మేలు. యార్క్ నుంచి నేను తెచ్చుకున్నది గాలి దారి గురించిన ఆలోచన. కింద, పైన సందులు వదలడం, వాటికి పురుగులు దూరకుండా సన్నటి జాలీ పెట్టడం, ఇనుప కడ్డీల బదులు ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు వాడటం, మరమ్మతు సీసం విషయంలో బయటి గాజు సంగతి తేలేదాకా చేయి పెట్టకపోవడం. చర్చి కమిటీ పెద్దలు ముఖం మీది గీతలు చూపించి, ఇవి తీయగలరా అని అడుగుతారు. నా జవాబు ఎప్పుడూ గోడ బయట నుంచి మొదలవుతుంది: ముందు నిచ్చెన వేసి, వాన ఎటు నుంచి కొడుతుందో చూద్దాం రండి అంటాను.